ప్యాక్-12 ఎందుకు కూలింది: అమెరికా కాలేజీ లీగుల వెనుక లెక్క

1915లో పుట్టిన ఒక క్రీడా సమాఖ్య 2023 ఆగస్టు 4న, ఒక్క శుక్రవారం నాడు, అయిదుగురు సభ్యులను పోగొట్టుకుంది. వాషింగ్టన్, ఒరెగాన్ విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్ అనే మరో సమాఖ్యలో చేరుతున్నట్టు ప్రకటించాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12లోకి వెళ్లాయి. అంతకు వారం ముందే కొలరాడో వెళ్లిపోయింది. ఏడాది ముందే లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద వర్సిటీలు, యూఎస్‌సీ, యూసీఎల్ఏ, తమ దారి చూసుకున్నాయి. నెల తిరిగేసరికి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా బయటపడ్డాయి. పన్నెండింటిలో వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ మాత్రమే మిగిలాయి. దేశంలో మరే సమాఖ్యకూ లేనన్ని జాతీయ కాలేజీ టైటిళ్లు గెలుచుకున్న ప్యాక్-12 అలా ఇద్దరు సభ్యుల సంఘంగా మారింది.

ఈ పేర్లు మన ఇళ్లకు కొత్తవి కావు. అరిజోనా స్టేట్‌లో, టెక్సస్ ఏ అండ్ ఎంలో ఎమ్మెస్ చేసిన పిల్లలు తెలుగు జిల్లాలన్నిటా ఉన్నారు. సియాటిల్, బే ఏరియా, డాలస్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల రెండో తరం ఈ వర్సిటీల స్టేడియాల్లోనే అరిచి గోల చేస్తూ పెరుగుతోంది. అయినా ఈ సమాఖ్యలు ఎందుకు ఏర్పడతాయో, ఎందుకు విడిపోతాయో మన భాషలో వివరంగా రాసినది నాకు పెద్దగా కనిపించలేదు. అమెరికా పత్రికల్లో ఎక్కువగా వినిపించే మాట ‘దురాశ’. ఆ మాటతో నాకు తృప్తి లేదు. దురాశ 1915లోనూ ఉంది, 1975లోనూ ఉంది. అప్పుడు కూలనిది ఇప్పుడే ఎందుకు కూలిందో ఆ మాట చెప్పదు.

ముందుగా సమాఖ్య అంటే ఏమిటో చూద్దాం. మన దేశంలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలను భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం మండలాల వారీగా నడుపుతుంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దక్షిణ మండలంలో ఆడతాయి. ఆ మండలాన్ని అవి ఎంచుకోలేదు, నచ్చకపోతే వదిలి పోలేవు. భూగోళం నిర్ణయించింది, అంతే. అమెరికాలో అలా కాదు. అక్కడ కాన్ఫరెన్స్ అనేది కొన్ని వర్సిటీలు తమంతట తాము కూడి ఏర్పాటు చేసుకున్న సంఘం. దానికి ఒక కమిషనర్ ఉంటారు, కార్యాలయం ఉంటుంది, నియమావళి ఉంటుంది. ఓట్లు మాత్రం వర్సిటీల అధ్యక్షులవి. మొదట్లో ఈ కలయికలకు రైలు ప్రయాణం, ఇరుగుపొరుగు పోటీ, చదువుల స్థాయి కారణాలు. ఇప్పుడు వాటి అసలు పని ఒక్కటే: సభ్యులందరి ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ప్రసార హక్కులను మూటగట్టి టీవీ సంస్థలకు అమ్మడం, వచ్చిన డబ్బును పంచడం. (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కాలేజీ క్రీడల ఆదాయంలో సింహభాగం దానిదే.)

మన పాల సహకార సంఘాలను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఊళ్లో అందరి పాలూ ఒకే క్యానులో పడతాయి, సంఘం ఒకే బేరం చేస్తుంది. ఒంటరిగా అమ్ముకుంటే రాని ధర అందరికీ వస్తుంది. అయితే పాల సంఘం వెన్న శాతం చూసి డబ్బిస్తుంది. అమెరికా సమాఖ్యలు చాలాకాలం అది చూడలేదు, చాలావరకు సమాన వాటాలే ఇచ్చాయి. లక్షల మంది చూసే జట్టుకూ, ఎవరూ చూడని జట్టుకూ దాదాపు ఒకే మొత్తం అందేది. ఈ సమానత్వమే సమాఖ్యలను దశాబ్దాల పాటు నిలబెట్టింది. చిక్కటి పాలు పోసేవారిలో అసంతృప్తిని పెంచిందీ అదే.

1984లో తెరుచుకున్న తలుపు

కథ మొదలైంది అమెరికా సుప్రీంకోర్టులో. అప్పటిదాకా కాలేజీ ఫుట్‌బాల్ ప్రసారాలన్నీ ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థ గుప్పిట్లో ఉండేవి. ఏ జట్టూ రెండేళ్లలో ఆరు సార్లకు మించి టీవీలో కనబడకూడదని నిబంధన. మ్యాచ్ టీవీలో వస్తే జనం స్టేడియానికి రారన్న భయం ఒక కారణం, పెద్ద జట్లే మొత్తం వెలుగు మింగేస్తాయన్న ఆందోళన మరో కారణం. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. 1984 జూన్ 27న సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఎన్‌సీఏఏ నియంత్రణ గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్. ఆయన యువకుడిగా కొలరాడో విశ్వవిద్యాలయానికి ఆడిన పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. కాలేజీ క్రీడలను మామూలు వ్యాపారంలా చూడటం తప్పని ఆయన వాదన. ఈ తీర్పును చదివిన ప్రతిసారీ నాకు ఆయన వైపే మొగ్గు కలుగుతుంది. చట్టం దృష్టిలో మెజారిటీ వాదన బలమైనదే. కానీ ఆ నియంత్రణ పోయాక దాని స్థానంలో మరొక జాతీయ వ్యవస్థ రాలేదు. ఎవరి హక్కులు వారివయ్యాయి. అమ్మేవారు ఎక్కువయ్యారు కాబట్టి మొదట్లో ధరలు పడిపోయాయి. బేరం చేసే శక్తి కోసం సమాఖ్యలు మూటలు కట్టడం నేర్చుకున్నాయి. ఏ మూటలో ఎవరుండాలన్న ప్రశ్న అప్పుడు పుట్టింది, ఇంకా తెగలేదు.

నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం ఒంటరిగానే టీవీ సంస్థ ఎన్‌బీసీతో ఒప్పందం చేసుకుని 1991 నుంచి తన సొంత మైదానంలోని మ్యాచ్‌లను అమ్ముకుంటోంది. ఆగ్నేయ రాష్ట్రాల సమాఖ్య ఎస్‌ఈసీ ఆర్కన్సా, సౌత్ కరోలైనాలను చేర్చుకుని పన్నెండు జట్లయింది. పన్నెండు ఉంటే రెండు విభాగాలు చేసి చివర ఒక టైటిల్ మ్యాచ్ అదనంగా ఆడుకోవచ్చన్న నిబంధనను 1992లో మొదటిసారి పెద్ద స్థాయిలో వాడుకుంది. ఒక్క అదనపు మ్యాచ్‌ను అమ్ముకోవడం కోసం సభ్యత్వం పెంచవచ్చని అందరికీ అప్పుడు తెలిసింది. 1996లో టెక్సస్ కేంద్రంగా ఉన్న సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అంతరించింది. టెక్సస్, ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ కలిసి బిగ్ ఎయిట్ అనే సమాఖ్యతో బిగ్ 12గా ఏర్పడ్డాయి. డాలస్‌లోని ఎస్‌ఎంయూ, ఫోర్ట్‌వర్త్‌లోని టీసీయూ, హ్యూస్టన్‌లోని రైస్, హ్యూస్టన్ వర్సిటీలు వీధిన పడ్డాయి. ఆ నాలుగింటిలో ఒకటి తిరిగి పెద్దల పంక్తిలో కూర్చోవడానికి ఏమి చెల్లించిందో తరువాత వస్తుంది.

ఎవరిని చేర్చుకోవాలి అన్న లెక్క

ప్రతి విస్తరణ నిర్ణయం వెనుకా ఒకే భాగాహారం ఉంటుంది. కొత్త సభ్యుడు వస్తే మొత్తం పెరుగుతుంది, పంచుకునేవారు కూడా పెరుగుతారు. తలసరి వాటా పెరిగితే చేర్చుకుంటారు, తగ్గితే చేర్చుకోరు. ఈ లెక్కకు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. కానీ టీవీ వ్యాపారం మారినప్పుడల్లా దానికి వచ్చే జవాబు మారిపోయింది. చాలామంది విశ్లేషకులు ఈ మార్పును దాటవేసి నేరుగా ప్యాక్-12 పతనానికి వెళ్లిపోతారు. నేను ఇక్కడ కొంచెం ఆగుతాను.

కేబుల్ యుగంలో డబ్బు ఇళ్ల నుంచి వచ్చేది, చూసేవారి నుంచి కాదు. బిగ్ టెన్ 2007లో సొంత చానల్ పెట్టింది. ఒక రాష్ట్రంలో సభ్య వర్సిటీ ఉంటే ఆ రాష్ట్రంలోని కేబుల్ కనెక్షన్లపై చానల్‌కు ఎక్కువ రుసుము దక్కుతుంది, సభ్యుడు లేకపోతే నామమాత్రంగా వస్తుంది. ఆ ఇంట్లో మ్యాచ్ ఎవరూ చూడకపోయినా నెలనెలా బిల్లులో ఆ రుసుము పడుతుంది. అందుకే 2012 నవంబరులో బిగ్ టెన్ మేరీల్యాండ్‌ను, న్యూజెర్సీలోని రట్గర్స్‌ను పిలిచింది. ఫుట్‌బాల్ చరిత్రలో ఆ రెండూ దిగ్గజాలు కావు. కానీ ఒకటి వాషింగ్టన్ నగరం పక్కన ఉంది, మరొకటి న్యూయార్క్ పక్కన. బిగ్ టెన్‌కు కావలసింది ఆ జట్లు కాదు, ఆ ఇళ్లు. మేరీల్యాండ్ తన పాత సమాఖ్య ఏసీసీని వదిలినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని దావా పడింది, చివరికి 3.14 కోట్లకు రాజీ కుదిరింది. ఆ మొత్తం చెల్లించి కూడా మేరీల్యాండ్‌కు అది లాభమైన బేరమే అయింది.

తరువాత జనం కేబుల్ తీసేయడం మొదలుపెట్టారు. స్ట్రీమింగ్‌లో ఇష్టం లేనివాడు ఒక్క పైసా ఇవ్వడు. ప్రత్యక్ష ప్రసారంలో నిజంగా కూర్చుని చూసే లక్షల మందికే విలువ మిగిలింది. అంటే భూభాగం కంటే జట్టు పేరు ముఖ్యమైంది. ఓహయో స్టేట్, మిషిగన్, అలబామా, టెక్సస్ లాంటి పేర్లు ఒకరితో ఒకరు తలపడితేనే ఆ లక్షలు వస్తాయి. కాబట్టి పెద్ద పేర్లన్నీ ఒకటి రెండు గూళ్లకు చేరాలన్న ఒత్తిడి పెరిగింది. 2021 జులైలో టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12ను వదిలి ఎస్‌ఈసీలో చేరుతున్నట్టు తేలింది. అదే రట్గర్స్ ఈరోజు దరఖాస్తు పెట్టుకుంటే బిగ్ టెన్ తలుపు తీయదని నా నమ్మకం.

ఆ వేసవిలోనే మరో మార్పు వచ్చింది. 2021 జూన్‌లో, ఆటగాళ్లకిచ్చే ప్రయోజనాల పరిమితిపై వేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జులై 1 నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, రూపం వాడుకుని సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి న్యాయమూర్తి ఆమోదం లభించాక వర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే వీలు వచ్చింది. మొదటి ఏడాది ఒక్కో వర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆటగాడికి అతని శ్రమ ఫలం దక్కడం న్యాయం, చాలా ఆలస్యంగా వచ్చిన న్యాయం. దాంతో పాటు తలసరి వాటా ఒత్తిడి ఇంకా పెరిగిందన్నదీ నిజం. టీవీ వాటా ఆరు కోట్లు వచ్చే వర్సిటీకీ, మూడు కోట్లు వచ్చే వర్సిటీకీ ఆ పరిమితి ఒకటే.

ప్యాక్-12లో ఏం జరిగింది

పతనం ఒక్క రోజుది కాదు. 2010లో కమిషనర్ ల్యారీ స్కాట్ టెక్సస్, ఓక్లహోమాలతో సహా బిగ్ 12లో సగాన్ని లాక్కుని పదహారు జట్ల సమాఖ్య చేయాలని ప్రయత్నించారు. టెక్సస్ ఒప్పుకోలేదు. కొలరాడో, యూటా వచ్చి పదికి పన్నెండయ్యాయి. 2011లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పన్నెండేళ్లకు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి అది గొప్ప మొత్తం. అక్కడే ఒక బరువైన నిర్ణయం జరిగింది. మిగతా సమాఖ్యలు తమ చానళ్లలో టీవీ సంస్థలకు వాటా ఇచ్చాయి, ప్యాక్-12 పూర్తిగా తన సొంత చానల్ పెట్టుకుంది. లాభమంతా మనదే కదా అన్న ఆలోచన. కానీ పెద్ద టీవీ సంస్థ భాగస్వామిగా లేని చానల్‌ను పంపిణీదారులు పట్టించుకోరు. వారిలో ఒకటైన డైరెక్‌టీవీ చివరిదాకా దాన్ని తీసుకోలేదు. ఆశించిన డబ్బు రాలేదు. పైగా పన్నెండేళ్ల దీర్ఘ ఒప్పందం కాబట్టి మధ్యలో ఇతరుల ధరలు పెరిగిపోతుంటే ప్యాక్-12 చూస్తూ ఉండిపోయింది.

2021 ఆగస్టులో అదృష్టం ఒకసారి తలుపు తట్టింది. టెక్సస్, ఓక్లహోమా పోయాక బిగ్ 12లో మిగిలిన ఎనిమిది వర్సిటీలు గూడు వెతుక్కుంటున్నాయి. వారిలో కొందరిని చేర్చుకుని ఉంటే బిగ్ 12 అక్కడే ముగిసి ఉండేది. ప్యాక్-12 మాత్రం బిగ్ టెన్, ఏసీసీలతో ‘కూటమి’ ప్రకటించింది. దానికి ఒప్పంద పత్రం లేదు, సంతకాలు లేవు, పరస్పర విశ్వాసమే పునాది అన్నారు. రెండు రోజుల తరువాత, ఆగస్టు 26న, విస్తరణ ఆలోచన లేదని కూడా తేల్చి చెప్పింది. పది నెలలు గడిచాయి. 2022 జూన్ 30న ఆ కూటమిలోని బిగ్ టెన్ యూఎస్‌సీని, యూసీఎల్ఏను తీసుకుపోయింది. లాస్ ఏంజెలెస్ మార్కెట్టు లేని ప్యాక్-12కు అక్కడ నుంచి బేరం చేసే బలం సగం పోయింది.

అదే నెల మధ్యలో భారతదేశంలో ఐపీఎల్ 2023–27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. రెండు దేశాల్లోనూ ప్రత్యక్ష క్రీడ ఒక్కటే జనాన్ని ఒకే సమయంలో తెర ముందు కూర్చోబెట్టగలదని సంస్థలు గుర్తించిన కాలం అది. కానీ ఐపీఎల్ ఒక్కటే లీగు, బోర్డు ఒక్కటే అమ్మకందారు. ఏ ఫ్రాంచైజీ కూడా మరో లీగుకు వెళతానని బెదిరించలేదు. అమెరికాలో 1984 తీర్పు తరువాత అలాంటి ఒకే అమ్మకందారు లేకపోవడమే మొత్తం గందరగోళానికి మూలం.

2022 ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకుంది. తరువాతి వంతు ప్యాక్-12ది. దాని ఒప్పందం 2024లో ముగుస్తుంది, బిగ్ 12ది 2025లో. అయినా బిగ్ 12 కొత్త కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ వరుస దాటి ముందుకు వచ్చారు. 2022 అక్టోబరులో ఆరేళ్లకు 228 కోట్ల డాలర్లకు, అంటే సగటున వర్సిటీకి ఏటా 3.17 కోట్లకు సంతకం చేయించారు. అది మార్కెట్టులో గరిష్ఠ ధర కాకపోవచ్చు. కానీ డబ్బు అయిపోకముందే ఆయన బల్ల దగ్గరికి చేరారు. పత్రికల కథనాల ప్రకారం ఈఎస్‌పీఎన్ దాదాపు 3 కోట్ల తలసరి ధరతో ప్యాక్-12ను కూడా పలకరించింది, అటువైపు నుంచి 5 కోట్ల కోరిక వెళ్లింది, చర్చ అక్కడితో ఆగింది. నెలలు దొర్లాయి. కొనేవారు తగ్గారు. 2023 ఆగస్టు 1న కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ అధ్యక్షుల ముందు పెట్టింది యాపిల్ ప్రతిపాదన. హామీగా వచ్చేది బిగ్ 12 కంటే తక్కువ, చందాదారులు పెరిగితే ఎక్కువ రావచ్చు. మూడు రోజుల తరువాత ఏమైందో పైన చెప్పాను.

ఇందులో ఏ ఒక్క వర్సిటీ అధ్యక్షుడినీ నేను దుర్మార్గుడిగా చూడలేను. బిగ్ టెన్‌లో పూర్తి సభ్యులకు 6 కోట్లకు పైగా వస్తుంటే ఒరెగాన్, వాషింగ్టన్ ఏడాదికి సుమారు 3 కోట్లతో మొదలయ్యే వాటాకు ఒప్పుకుని వెళ్లాయి. అంత తక్కువకు కూడా వెళ్లారంటే భయం ఎంతో ఊహించవచ్చు. పక్కవాడు వెళ్లిపోతే మిగిలేది శూన్యమని ప్రతివాడూ అనుకున్నాడు, అందరూ ఒకేసారి లేచారు, దాంతో అది నిజమైంది. సభ్యులు తమ ప్రసార హక్కులను నిర్ణీత కాలానికి సమాఖ్యకు రాసిచ్చే పత్రం ఉంటుంది. సభ్యుడు వెళ్లిపోయినా అతని సొంత మైదానంలోని మ్యాచ్‌ల హక్కులు సమాఖ్య దగ్గరే ఉండిపోతాయి. ప్యాక్-12లో ఆ పత్రం గడువు 2024తో తీరిపోతోంది. కొత్త టీవీ ఒప్పందం లేనిదే కొత్త పత్రంపై ఎవరూ సంతకం పెట్టరు. తాళం లేని ఇల్లు అది.

ఆ సీజన్‌లో ఆట మాత్రం అద్భుతంగా సాగింది. 2023 డిసెంబరు 1న లాస్ వేగాస్‌లో ప్యాక్-12 ఆఖరి టైటిల్ మ్యాచ్‌లో వాషింగ్టన్ 34-31తో ఒరెగాన్‌ను ఓడించింది. తలపడిన రెండు జట్లూ బయటికి వెళ్తున్నవే. వాషింగ్టన్ జాతీయ ఫైనల్ దాకా వెళ్లి మిషిగన్ చేతిలో ఓడింది. మరుసటి ఏడాది ఒరెగాన్ బిగ్ టెన్‌ను, అరిజోనా స్టేట్ బిగ్ 12ను గెలిచాయి. ప్యాక్-12 ఆట బలహీనపడి కూలలేదు.

పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ సమాఖ్యకు

స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ తీరపు సమాఖ్య ఏసీసీలో ఎందుకు చేరాయన్నది చాలామందికి అంతుపట్టదు. దీనికి సమాధానం ఒక ఒప్పందపు నిబంధనలో ఉంది. ఏసీసీకి ఈఎస్‌పీఎన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం కొత్త సభ్యుడు చేరితే టీవీ సంస్థ ఆ మేరకు మరో పూర్తి వాటా ఇవ్వాలి. వచ్చినవారు తమ పూర్తి వాటా అడగకపోతే? మిగిలింది పాతవారు పంచుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ మొదటి ఏడేళ్లు 30 శాతం వాటాకే ఒప్పుకున్నాయి. ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ వాటాలో ఏమీ తీసుకోనని రాసిచ్చింది. 1996లో వీధిన పడిన నాటి నుంచి ఎదురుచూసిన ఆ వర్సిటీ కోసం డాలస్ దాతలు వారం రోజుల్లో 10 కోట్ల డాలర్లు సమకూర్చారు. పదిహేను మంది సభ్యుల్లో పన్నెండు ఓట్లు కావాలి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలైనా వ్యతిరేకించాయి. మిగతావారు ఒప్పుకున్నారు. మొదటి ఏడాదే ఎస్‌ఎంయూ ఏసీసీ టైటిల్ మ్యాచ్‌కూ, దేశ విజేతను తేల్చే జాతీయ ప్లేఆఫ్‌కూ చేరింది.

డబ్బు కాగితం మీద కుదిరింది. అమ్మాయిల వాలీబాల్ జట్టు పరిస్థితి చూడండి. బర్క్‌లీ నుంచి బోస్టన్ సుమారు 4,300 కిలోమీటర్లు, గగన మార్గంలో హైదరాబాద్–ఢిల్లీ దూరానికి మూడు రెట్లకు పైమాటే. గడియారం మూడు గంటలు ముందుకు జరుగుతుంది. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారి, శనివారం ఆడుతుంది, బయటి మైదానాలకు ఏడాదికి అయిదారు ప్రయాణాలు చాలు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, సాకర్, టెన్నిస్ అలా కాదు. వారంలో రెండు మూడు పోటీలు, గురువారం క్లాసు పోతుంది, సోమవారం తెల్లవారుజామున విమానం దిగి ల్యాబ్‌కు వెళ్లాలి. ఆ ఆటలు ప్రసార ఒప్పందానికి చేర్చేది స్వల్పం. ఆ ఒప్పందం వేసే భారం మాత్రం అవే ఎక్కువగా మోస్తున్నాయి. నాకు ఈ వ్యవహారమంతటిలో బాధ కలిగించేది ఇదే.

ఫుట్‌బాల్ ఎటు వెళితే ఈత, పరుగు, వాలీబాల్ కూడా అటే వెళ్లాలని ప్రకృతి నియమమేమీ లేదు. నోటర్‌డామ్ ఫుట్‌బాల్ ఒంటరిగా ఆడుతుంది, చాలా ఆటలు ఏసీసీలో ఆడుతుంది. ఐస్ హాకీలో దశాబ్దాలుగా వేరే సమాఖ్యలున్నాయి. ఫుట్‌బాల్‌ను విడదీసి మిగతా ఆటలను ఇరుగుపొరుగు వర్సిటీలతో ఆడించమని శిక్షకులు, విద్యావేత్తలు అడుగుతూనే ఉన్నారు. అడ్డం పడే వాదన కూడా బలహీనమైనది కాదు: సమాఖ్యల సొంత చానళ్లకు రోజంతా చూపడానికి సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్, కుస్తీ కావాలి, పైగా ఈ ఆటల ఖర్చు ఫుట్‌బాల్ డబ్బుతోనే తీరుతుంది. అయినా చానల్‌కు కావలసిన మ్యాచ్‌లు పొరుగు రాష్ట్రంతో ఆడినా దొరుకుతాయి. ఆ అమ్మాయి చదువు మీద చానల్ అవసరానికి అంత హక్కు ఉండకూడదు.

బర్క్‌లీ, యూసీఎల్ఏ రెండూ ఒకే కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలోవి. యూసీఎల్ఏ వెళ్లిపోవడంతో బర్క్‌లీకి జరిగిన నష్టానికి ఏటా కోటి డాలర్లు ఇవ్వాలని 2024లో పాలక మండలి తీర్మానించింది. ప్రజాధనంతో నడిచే ఒక సంస్థ తన తోబుట్టువు ఆదాయాన్ని దెబ్బతీస్తే ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నను మరే రాష్ట్రమూ అంత నేరుగా అడగలేదు. వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ పెద్ద వర్సిటీ వెళ్లింది, వ్యవసాయ ప్రాంతాల పిల్లలు చదివే చిన్న పట్టణపు వర్సిటీ మిగిలింది.

ఆ మిగిలిన ఇద్దరూ, వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్, కోర్టుకు వెళ్లారు. వెళ్లిపోతున్న పదిమంది సమాఖ్య ఆస్తులపై ఓటు వేయకూడదని వాదించి గెలిచారు. 2023 డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది, తరువాత రాజీలో వెళ్లేవారు 6.5 కోట్ల డాలర్లు వదులుకున్నారు. సభ్యులు ఎనిమిది కంటే తక్కువైన సమాఖ్యకు మళ్లీ ఎనిమిదికి చేరడానికి రెండేళ్ల గడువు మాత్రమే ఉంటుంది. ఆ గడువులోగా వారు మౌంటెన్ వెస్ట్ అనే సమాఖ్య నుంచి బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్‌లను పిలిచారు. ఫుట్‌బాల్ లేని గొంజాగా, తరువాత టెక్సస్ స్టేట్ చేరాయి. 2026 జులై 1 కొత్త ప్యాక్-12 ప్రారంభ తేదీ. సభ్యులను లాక్కున్నందుకు 5.5 కోట్ల డాలర్లు కట్టాలని మౌంటెన్ వెస్ట్ పట్టుబట్టింది, వ్యాజ్యం మొదలైంది. మౌంటెన్ వెస్ట్ తన ఖాళీలను యూటెప్, నార్తర్న్ ఇల్లినాయ్ లాంటి వేరే సమాఖ్యల వర్సిటీలతో నింపుకుంది, ఆ సమాఖ్యల్లో ఖాళీలు పడ్డాయి. పై మెట్టు మీద ఒకరు కదిలితే కింది మెట్టు దాకా అందరూ కదలాల్సిందే. ఈలోగా వాషింగ్టన్ స్టేట్ 2025లో తన ట్రాక్ అండ్ ఫీల్డ్ జట్టును దూరపు పరుగులకు పరిమితం చేసింది. జంపులు, త్రోలు చేసే పిల్లలకు అక్కడ చోటు పోయింది, స్ప్రింట్లు చేసేవారికి తగ్గింది.

తరువాతి తేదీలు

ఏసీసీలో అసంతృప్తి ముందే రాజుకుంది. 2023లో ఫ్లోరిడా స్టేట్ పదమూడు మ్యాచ్‌లు గెలిచి, ఒక్కటీ ఓడకుండా టైటిల్ సాధించినా జాతీయ ప్లేఆఫ్‌కు ఎంపిక కాలేదు. ఆ డిసెంబరులోనే సమాఖ్యపై దావా వేసింది, క్లెమ్సన్ 2024 మార్చిలో అనుసరించింది. వారి ప్రసార హక్కులు 2036 దాకా ఏసీసీకి రాసిచ్చినవి. 2025 మార్చిలో రాజీ కుదిరింది. వీక్షకుల సంఖ్యను బట్టి వాటాలో తేడా ఉంటుంది, అంటే వెన్న శాతం లెక్క చివరికి వచ్చింది. సమాఖ్యను వదిలే రుసుము 2025–26లో 16.5 కోట్ల డాలర్ల నుంచి ఏటా 1.8 కోట్లు తగ్గుతూ 2030–31కి 7.5 కోట్లకు దిగుతుంది.

ఆ తేదీ పక్కన మిగతావి పెట్టి చూడండి. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029–30తో ముగుస్తుంది. బిగ్ 12ది 2030–31తో. ఈఎస్‌పీఎన్ 780 కోట్ల డాలర్లకు కొన్న ప్లేఆఫ్ హక్కులు 2031–32 సీజన్ వరకు. ఆ ప్లేఆఫ్ ఆదాయంలో బిగ్ టెన్, ఎస్‌ఈసీ ఒక్కొక్కటి 29 శాతం తీసుకుంటాయి, ఏసీసీకి 17, బిగ్ 12కు 15. ఏసీసీ పెద్ద జట్లకు తలుపు చవకయ్యే సమయమూ, బిగ్ టెన్ కొత్త బేరానికి కూర్చునే సమయమూ ఏడాది తేడాలో ఉన్నాయి. ఎస్‌ఈసీలో పదహారు, బిగ్ టెన్‌లో పద్దెనిమిది ఉన్నాయి. ఇరవైకో, ఇరవై నాలుగుకో పెరగడాన్ని ఆపే నియమం ఏదీ లేదు. పెరిగితే వాటాను పెంచగల పేర్లు కొన్నే. మిగతావారికి బర్క్‌లీ, స్టాన్‌ఫర్డ్‌లకు దక్కినట్టు తక్కువ వాటాలో చోటు దొరకవచ్చు, లేదా వాషింగ్టన్ స్టేట్‌కు దక్కినది దొరకవచ్చు.

మన పిల్లలు ఈ కాలేజీలకు దరఖాస్తు చేసేటప్పుడు ర్యాంకులతో పాటు ఫీజుల పట్టికలో అథ్లెటిక్స్ పేరుతో ఉండే వరుసను కూడా చూడమని చెబుతాను. పెద్ద సమాఖ్యల వర్సిటీలు క్రీడల ఖర్చును చాలావరకు టీవీ డబ్బుతో, టికెట్లతో, విరాళాలతో తీర్చుకుంటాయి. పై మెట్టుకు ఎగబాకాలని తపించే వర్సిటీలు చాలాచోట్ల దాన్ని విద్యార్థుల ఫీజుల్లో వసూలు చేస్తాయి. స్టేడియం గడప తొక్కని విద్యార్థి కూడా ఆ ఫీజు కడుతుంది. 2027 ఆగస్టులో ఏసీసీ వర్సిటీలో టెన్నిస్ స్కాలర్‌షిప్‌తో చేరే అమ్మాయి 2031 మేలో పట్టా తీసుకుంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఆమె చూసిన ప్రత్యర్థుల జాబితా చివరి ఏడాది దాకా నిలుస్తుందని ఆమెకు ఏ శిక్షకుడూ హామీ ఇవ్వలేడు.